సినిమా పాటలు పాడకుండా తెలుగు రాక్ బ్యాండ్ మన జిల్లాల్లో నిలబడుతుందా?

"వైజాగ్‌లో సొంత పాటలతో బ్యాండ్ పెట్టాం, సినిమా పాటలు లేకుండా జనం వస్తారా?" అని మీరు అడిగారు. వస్తారు. హైదరాబాద్ పబ్బుల చుట్టూ తిరిగితే మాత్రం రారు. కాకినాడలో ఒక చిన్న బ్యాండ్‌లో కొన్నేళ్లు బేస్ గిటార్ వాయించాను కాబట్టి ఇంత ధీమాగా చెబుతున్నాను.

"మనవాళ్లకు పాటంటే సినిమా పాటే" అంటారు అందరూ. బెంగాలీలకు సినిమాల్లేవా? కోల్‌కతాలో 1998లో మొదలైన ఫాసిల్స్ అనే బ్యాండ్ బెంగాలీలోనే రాక్ పాడుతూ ఇన్నేళ్లు నిలబడింది. కేరళ రాక్ బ్యాండ్ అవియల్ 2008లో ఆల్బమ్ మలయాళంలో తెచ్చింది. కన్నడ గాయకుడు రఘు దీక్షిత్, వాళ్ల పాతకాలపు సాధుకవి శిశునాళ షరీఫ్ తత్వాలకు గిటార్ కలిపి కుర్రాళ్ల చేత గంతులేయించాడు. మనకు తత్వాలు తక్కువా?

అసలు సంగతి, పాటలో మాట వినపడాలి. రాజమండ్రి దాటాక హైవే పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో నాకిది బాగా తెలిసింది. ముఖ్య అతిథి ప్రసంగం, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి తొమ్మిది దాటింది. మా తర్వాత డీజే. సౌండ్ కుర్రాడు తెచ్చిన సామానంతా ఆ డీజే కోసమే, గిటార్ యాంప్ లేదు. మా గిటారిస్ట్ పెడల్ వైరు తీసుకెళ్లి నేరుగా మిక్సర్‌కు గుచ్చారు. వాడు గిటార్ శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తొక్కగానే బాక్సుల్లోంచి కందిరీగల తుట్టె లేచినట్టు మోత. సౌండ్ కుర్రాడు బాక్సు పోయిందనుకుని హడలిపోయి, మిక్సర్ మీద గిటార్ సౌండ్ పెంచే తగ్గించే మీటను కిందికంటా లాగేశాడు. పైగా "వైరు షార్టయిందన్నా" అని కింద నుంచి సైగలు. మావాడేమో కళ్లు మూసుకుని సోలో ఇరగదీస్తున్నాడు, ఒక్క ముక్క బయటికి రావట్లేదు.

ఇక మిగిలింది డ్రమ్స్, నా బేస్, సింగర్ గొంతు. అప్పటిదాకా "సినిమా పాట వెయ్యండన్నా" అని గోల చేస్తున్న ముందు వరస పిల్లలకు మాటలు వినపడ్డాయి. బ్యాక్‌లాగులున్నాయని ఇంట్లో చెప్పలేక, పండక్కి కూడా ఊరెళ్లకుండా హాస్టల్లో ఉండిపోయినవాడి పాట అది. రెండో చరణం అయ్యేసరికి పల్లవి వాళ్లే అందుకున్నారు. గిటార్ గట్టిగా ఉంటే ఇది జరిగేది కాదని నా వాదన. మా గిటారిస్ట్ ఇప్పటికీ ఒప్పుకోడు.

ఆ పిల్లల్లో ఒకడిది తుని. వినాయక చవితికి వాళ్ల వీధి పందిరికి పిలిచాడు. కమిటీ పెద్దాయన "ఆర్కెస్ట్రాయేగా?" అన్నాడు. అవునండీ అన్నాం. ముందు ఒక భక్తి పాట పాడమంటే డ్రమ్స్ మీదే పాడాం, తర్వాత మావి మొదలుపెట్టాం. ముసలమ్మలు కూడా లేచి వెళ్లిపోలేదు. అక్కడి నుంచి అన్నవరం, పిఠాపురం. పోస్టర్లూ లేవు, ప్రమోషనూ లేదు. ఒక ఊళ్లో విన్నవాడి బావమరిది పక్క ఊరి కమిటీలో ఉంటాడు, ఆ లెక్కన పాకింది.

పైగా చందా డబ్బులు ఆ రాత్రే లెక్కపెట్టి చేతిలో పెడతారు. అదే ఈవెంట్ కంపెనీల వాళ్లయితే పాన్ కార్డు, ఇన్వాయిస్ అన్నీ తీసుకుని, నెలల తరబడి "అకౌంట్స్‌లో ఉంది సర్" అంటారు. హైదరాబాద్‌లో ఒక పబ్బు వాళ్లు అసలు డబ్బు మాటే ఎత్తకుండా "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది బ్రో" అన్నారు. అక్కడ కస్టమర్లు మనకు వీపు పెట్టి క్రికెట్ చూస్తుంటారు. ఎవడికి ఎక్స్‌పోజర్?

చౌరస్తా బ్యాండ్ హైదరాబాద్‌దే కదా అంటారేమో. నిజమే, కానీ వాళ్ల పాటల్లో ఊరుంది. 2020లో కరోనా జాగ్రత్తల మీద వాళ్లు కట్టిన పాట మా అమ్మ ఫోన్‌కు కూడా వచ్చింది. ఆ తర్వాత వాళ్ల సింగర్ రామ్ మిరియాలను సినిమా లాక్కుపోయింది. ఆయన పైకి రావడం సంతోషమే. కానీ తెలుగులో ఒక మంచి గొంతు బయటపడగానే "సినిమాల్లో ఎప్పుడు?" అని అడిగే మన రోగం ఎప్పటికి తగ్గుతుందో.

మీకు అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం పక్కనే ఉన్నాయి. చవితి దగ్గర పడ్డాక అడిగితే లాభం లేదు, కమిటీలు చాలా ముందే అడ్వాన్సులు ఇచ్చేస్తాయి. ఇప్పుడే వెళ్లి కలవండి. ఆర్కెస్ట్రా అని పిలిస్తే పలకండి.