ఓపెన్ ఇన్నోవేషన్‌లో పీహెచ్‌డీ: లోన్ ఎందుకు అక్కర్లేదంటే...

ప్రశ్న: మా అమ్మాయి ఎంటెక్ చేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఇప్పుడు మానేసి యూరప్‌లో ఓపెన్ ఇన్నోవేషన్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ముందు జర్మనీలో ఇంకో మాస్టర్స్ చేస్తే సీటు సులువని ఒక కన్సల్టెన్సీ చెప్పింది. లోన్ తీసుకోమంటారా? అసలీ సబ్జెక్టుకి భవిష్యత్తు ఉందా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: లోన్ తీసుకోకండి. ఆ మాస్టర్స్ వల్ల మీ అమ్మాయికి నష్టం కూడా జరగొచ్చు.

యూరోపియన్ కమిషన్ డబ్బుతో నడిచే మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్స్‌లో (యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి నడిపే పీహెచ్‌డీ కార్యక్రమాలివి) పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే. కాంట్రాక్టు రాసిస్తారు, నెలనెలా జీతం, సామాజిక భద్రత ఉంటాయి. ఏ దేశం వాళ్లయినా అర్హులే, అప్పటికే డాక్టరేట్ ఉండకూడదు, అంతే. అయితే ఒక నిబంధన ఉంది: చేరే తేదీకి ముందు 36 నెలల్లో, చేరబోయే దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. రెండేళ్లు జర్మనీలో చదివితే, ఆ వెంటనే జర్మనీలోని ఈ పోస్టులకే ఆమె అనర్హురాలవుతుంది. హైదరాబాద్ నుంచి నేరుగా దరఖాస్తు చేస్తే ఆ చిక్కే లేదు. ప్రకటనలు యురాక్సెస్ (EURAXESS) అనే యూరోపియన్ కమిషన్ పోర్టల్‌లో వస్తాయి. మధ్యలో ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

ఇక సబ్జెక్టు. కంపెనీ తన ల్యాబ్ గోడల మధ్యే అన్నీ కనిపెట్టాలనుకోకుండా యూనివర్సిటీల నుంచి, స్టార్టప్‌ల నుంచి, వినియోగదారుల నుంచి ఆలోచనలు తీసుకోవడం, తను వాడని పేటెంట్లను బయటివాళ్లకి ఇవ్వడం - దీనికి 2003లో హెన్రీ చెస్‌బరో అనే అమెరికన్ ప్రొఫెసర్ ఓపెన్ ఇన్నోవేషన్ అని పేరు పెట్టారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తన కొత్త ఆవిష్కరణల్లో సగం బయటి నుంచే రావాలని లక్ష్యం పెట్టుకుంది. మన దగ్గర కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్ఐఆర్ 2008లో టీబీ మందుల పరిశోధనని అందరికీ తెరిచింది. వినడానికి బాగానే ఉంటుంది, అమలులోనే చిక్కంతా. హక్కులు ఎవరివి? లాభం ఎలా పంచుకోవాలి? బయటి ఆలోచనని సొంత ఇంజినీర్లు ఎందుకు అడ్డుకుంటారు? పరిశోధన అంతా ఈ ప్రశ్నల మీదే. కాబట్టి పని కోడింగ్ కాదు. ఇంటర్వ్యూలు, సర్వేలు, గణాంకాలు, బోలెడు రాత. ఇది మీ అమ్మాయికి ఇష్టమేనా అని ముందు ఆమెనే అడగండి.

మేరీ క్యూరీ శిక్షణలో నాకు బాగా నచ్చేది, ఆచరణని పరిశోధనకి కట్టేసిన తీరు. మామూలు నెట్‌వర్క్‌లో కొంతకాలం భాగస్వామి సంస్థలో పనిచేయవచ్చు; ఇండస్ట్రియల్ డాక్టరేట్ అయితే కనీసం సగం సమయం యూనివర్సిటీ బయటే. ప్రమాదమూ అక్కడే ఉంది. కంపెనీ తలుపు తీయకపోతే థీసిస్ ఆగిపోతుంది. మూడో ఏట మేనేజర్ మారి, కొత్తాయన డేటా ఇవ్వనంటే ఎవరితో చెప్పుకోవాలి? అందుకే ఇంటర్వ్యూలో మొహమాటపడకుండా అడగమనండి: ఏ కంపెనీ, ఏ డేటా, ఒప్పందం సంతకమైందా, పేపరు ప్రచురణని కంపెనీ ఎన్నాళ్లు ఆపగలదు? సూటిగా జవాబు రాకపోతే, ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా నేనైతే వద్దంటాను.

భవిష్యత్తు ఉంది, కాని అధ్యాపక పోస్టులకి పోటీ తీవ్రం. కంపెనీల ఇన్నోవేషన్ విభాగాలు, యూనివర్సిటీల టెక్నాలజీ బదిలీ కార్యాలయాలు, ప్రభుత్వ విధాన బృందాలు - ఈ మూడింటిని కూడా మనసులో పెట్టుకుంటే ధైర్యంగా వెళ్లొచ్చు.

యూరప్‌లో రాకపోతే ఇక్కడా దారి ఉంది. ఐఐటీల మేనేజ్‌మెంట్ విభాగాల్లో ఎంటెక్ వాళ్లు కూడా పీహెచ్‌డీ చేయొచ్చు. ఫెలోషిప్ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. హైదరాబాద్‌లోనే 2015 నుంచి టీ-హబ్ ఉంది, పెద్ద కంపెనీలూ స్టార్టప్‌లూ కలిసి పనిచేసే చోటు. ఈ అంశానికి అంతకన్నా దగ్గర్లో క్షేత్రం దొరకదు.

ఉద్యోగం మాత్రం ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా మానొద్దని చెప్పండి. ఈలోగా తన కంపెనీ బయటి సంస్థతో కలిసి చేసిన ఒక ప్రాజెక్టు తీసుకుని, రహస్యాలు బయటపెట్టకుండా, అందులో ఏది కుదిరింది, ఏది చెడింది అని రెండు పేజీలు రాయమనండి. దరఖాస్తు లేఖకి అంతకు మించిన ముడిసరుకు ఉండదు.