చార్మినార్ గల్లీల్లో ఆఫ్‌లైన్ మ్యాప్ నడక దారి చూపట్లేదా?

మీ ఫోన్‌లో తప్పేం లేదు. గూగుల్ మ్యాప్స్‌లో దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాప్ బండి దారి మాత్రమే చెబుతుంది, నడక దారి చెప్పదు. చార్మినార్ నుంచి చౌమహల్లా ప్యాలెస్‌కు నడిచి వెళ్లేవాళ్లను చుట్టు తిప్పేది అందుకే.

1. నడక దారి కోసం ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్ వేసుకోండి, ఉచితం.

2. వైఫై ఉన్నచోటే అందులో తెలంగాణ మ్యాప్ దించుకోండి.

3. చాలామంది మరిచేది ఇదే: గమ్యం ఇచ్చాక నడిచే మనిషి బొమ్మ నొక్కాలి. కారు బొమ్మ మీద ఉంటే ఇదీ అదే చుట్టు తిప్పుతుంది. బయల్దేరే ముందే ఫ్లైట్ మోడ్ పెట్టి, లొకేషన్ ఆన్‌లో ఉంచి, ఒకసారి దారి అడిగి చూడండి.

4. లాడ్ బజార్ ఇరుకులో నీలి చుక్క పక్క గల్లీకి దూకుతుంది. ఆకాశం కనిపించే చోట అర నిమిషం నిలబడండి, సర్దుకుంటుంది.

అన్నట్టు, శుక్రవారం చౌమహల్లాకు సెలవు.