నొప్పి ఓర్చుకోమని మీ నాన్నగారికి చెప్పకండి

మీ నాన్నగారికి 62 ఏళ్లు, నడుము కింది భాగంలో ఎల్4-ఎల్5 డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయి 12 రోజులైంది, కాల్లో మంట ఇంకా ఉంది, అయినా అలవాటు పడిపోతానేమోనని మాత్రలు వేసుకోవడం లేదు, ఏం చేయాలి అని అడిగారు. రెండేళ్ల క్రితం నాకూ అదే చోట ఆపరేషన్ అయింది. నేనూ అదే భయంతో చాలా బాధపడ్డాను, అందుకే రాస్తున్నాను.

ఇంటికొచ్చిన నాలుగో రోజు నుంచి మాత్రలు నాకు నేనే తగ్గించేశాను. నొప్పి తట్టుకోలేనప్పుడే వేసుకునేదాన్ని. అప్పటికే నడుమంతా బిగుసుకుపోయేది. మాత్ర పనిచేసేదాకా కళ్లనీళ్లతో అలా పడుకునేదాన్ని. ఇక నడక ఎక్కడిది? చెకప్‌కి వెళ్తే డాక్టరు గారు, మొదటి వారాల్లో నొప్పి కోసం ఎదురుచూడకుండా టైమ్ ప్రకారం వేసుకో, అప్పుడే నడవగలవు అన్నారు. ఆ వారమే మా కొత్తపేట అపార్ట్‌మెంట్ కారిడార్‌లో రోజుకు ఐదారు సార్లు, ఐదేసి నిమిషాలు నడవగలిగాను.

అలవాటు సంగతికొస్తే, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి మాత్రలకు ఆ గుణం ఉన్నది నిజమే. అందుకే వాటిని కొద్ది రోజులకే రాసి తర్వాత తగ్గిస్తారు. పారాసిటమాల్‌కి ఆ భయం లేదు. కాల్లో మంటకు ప్రిగాబలిన్ అనే నరాల నొప్పి మందు రాసి ఉంటే మొదట్లో తల తిరుగుతుంది, మత్తుగా ఉంటుంది. రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు పక్కన ఎవరో ఒకరు ఉండండి. కొన్నాళ్లు వాడాక దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు.

ఒక జాగ్రత్త. ట్రమడాల్ మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కూడా 325 మి.గ్రా. కలిపి ఉంటుంది. అది తెలియక పైన డోలో 650 (అదీ పారాసిటమాలే) కూడా వేసేస్తుంటారు. మొత్తం పారాసిటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. లివర్ సమస్య ఉన్నా, మద్యం అలవాటున్నా అంత కూడా వద్దు. స్ట్రిప్ వెనక చదవండి. బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలుంటే మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు అసలు తేవద్దు.

నన్ను అన్నిటికంటే ఏడిపించింది మలబద్ధకం. ట్రమడాల్‌తో అది మామూలేనట, డిశ్చార్జి రోజు ఆ మాట నాకెవరూ చెప్పలేదు. ముక్కితే నడుములో పోటు, కాలిదాకా జివ్వుమనేది. మొదటి రోజు నుంచే నీళ్లు, మజ్జిగ, బొప్పాయి, ఆకుకూరలు పెట్టండి. చాలకపోతే విరేచనానికి సిరప్ రాయమని డాక్టర్ని అడగండి, మొహమాటం వద్దు. కమోడ్ తప్పనిసరి, కింద కూర్చునే లెట్రిన్ వద్దు.

లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నేరుగా లేవనివ్వకండి. మోకాళ్లు మడిచి, భుజం, నడుము ఒకేసారి కదిలేలా పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించుతూ చేత్తో మంచాన్ని తోసుకుని లేవాలి. కూర్చోవడం ఒకసారికి 20 నిమిషాలు చాలు. చెకప్‌కి ఆటోలో మాత్రం వద్దు. మన స్పీడ్ బ్రేకర్ల మీద ఒక్కో కుదుపుకీ ప్రాణం పోయినట్టుంటుంది. కారులో ముందు సీటు వెనక్కి వాల్చి తీసుకెళ్లండి.

ఇక ఆ మంట గురించి. నెలల తరబడి నలిగిన నరం, ఒత్తిడి తీసేసినా వెంటనే కుదురుకోదు. నాకు కాలి లాగుడు మర్నాడే పోయింది, బొటనవేలి తిమ్మిరి మాత్రం ఐదు నెలలు ఉంది. కానీ జ్వరం, కుట్ల దగ్గర చీము లేదా నీరు, పిక్క వాపు, పాదం పైకి లేవకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మర్మాంగాల చుట్టూ మొద్దుబారడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేసి, నాన్నగారు మాత్రలు మానేశారని చెప్పి, ఏది ఎన్ని గంటలకు వేయాలో కాగితం మీద రాసుకోండి. రేపు టిఫిన్ అయ్యాక మాత్ర వేసి, ముప్పావుగంట ఆగి, చెయ్యి పట్టుకుని వరండా దాకా నడిపించండి.