హీబ్రూ లిపిలో ఉన్నదంతా హీబ్రూ కాదండి

1930ల నాటి మాస్కో యూదు పత్రిక పేజీని యాప్‌లో హీబ్రూ అని పెట్టి అనువదిస్తే పిచ్చి మాటలు వస్తున్నాయన్నారు. అది దాదాపు కచ్చితంగా యిడ్డిష్, అంటే హీబ్రూ లిపిలోనే రాసే తూర్పు ఐరోపా యూదుల వేరే భాష. ముందు భాష మార్చండి.

ఖాయం చేసుకోవాలంటే శీర్షికను కాదు, లోపలి పేరా చూడండి. 'అయిన్' అక్షరం (కాస్త ఇంగ్లీషు వై లాగా ఉంటుంది) మాటమాటకీ కనిపిస్తే యిడ్డిష్. అందులో అది 'ఎ' అచ్చు. 'మరియు'కు 'ఉన్' అని విడిగా మూడక్షరాల మాట ఉంటుంది: అలెఫ్, వావ్, నూన్. హీబ్రూలో అయితే ఒక్క వావ్ తర్వాతి మాటకు అతుక్కుంటుంది.

ఆ 'ఉన్' చివరి నూన్‌ను గమనించండి. మామూలు యిడ్డిష్‌లో దాని తోక గీత కిందికి దిగుతుంది. పొట్టిగా ఉంటే సోవియట్ అచ్చు. అక్కడ పదాంత రూపాలు (మాట చివర కొన్ని అక్షరాలకు వాడే వేరే ఆకారాలు) తీసేశారు, హీబ్రూ నుంచి వచ్చిన మాటల్ని కూడా ఉచ్చారణ ప్రకారం రాయించారు. 'ఎమెస్' (సత్యం) అసలు అలెఫ్-మేమ్-తావ్, వాళ్లది అయిన్-మేమ్-అయిన్-సామెఖ్. హీబ్రూను మతానికీ జియోనిజానికీ (యూదులకు పాలస్తీనాలో స్వదేశం కావాలన్న ఉద్యమం) చెందిన భాషగా చూసి, యిడ్డిష్‌ను దాన్నుంచి తెంచాలన్నదే ఉద్దేశం. ఇలాంటి మాటల దగ్గర యాప్ తడబడితే పాత స్పెల్లింగ్‌తో టైప్ చేసి చూడండి.

ఇంకొకటి, మీ వ్యాసంలో 1908లో చెర్నోవిట్జ్ నగరంలో జరిగిన యిడ్డిష్ భాషా సభ యిడ్డిష్‌ను 'ఏకైక జాతీయ భాష'గా ప్రకటించిందని రాశారు. దిద్దుకోండి. అది యూదుల 'ఒక జాతీయ భాష' (అంటే ఇదొక్కటే అని కాదు) అనే తీర్మానించింది. గొడవంతా ఆ 'ఒక' మీదే.