రంగు పోయిన టోపాజ్ ఉంగరం: సమాధానం

సోదరి గారూ, భీమవరంలో కొన్న మీ ఏడురంగుల టోపాజ్ ఉంగరాన్ని కుంకుడు రసంలో నానబెట్టి బ్రష్షుతో తోమిన తరువాత రాయి అంచుల్లో రంగు పోయిందని, మెరుగు పెట్టిస్తే తిరిగి వస్తుందా అని అడిగారు. రాదు, మెరుగు పెడితే మిగిలిన రంగూ పోతుంది. రంగులేని అసలు టోపాజ్‌పై టైటానియం వంటి లోహాల పొరను అతి పలుచగా పట్టించి ఆ మెరుపు తెస్తారు కనుక, రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో రాయి గట్టిదనం 8 అయినా పైపొర సులువుగా గీతలు పడుతుంది. చవకగా ఇన్ని రంగులు దొరకడం వల్లనే వీటికి గిరాకీ పెరిగింది. అమ్మేవారు పూత సంగతి ముందే చెప్పాలి. మీరు రాయి మార్పించుకోవడమే మేలు. కొత్తదానిని గోరువెచ్చని సబ్బు నీటిలో ముంచి మెత్తని గుడ్డతో తుడవండి; ధ్వని తరంగాలతో నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ యంత్రం, ఆవిరి వద్దు. ఉంగరం సైజు మార్పించేటప్పుడు కంసాలి మంట తగలకుండా రాయిని ముందే తీయించండి. నన్నడిగితే, ఇటువంటి రాళ్ళు ఉంగరాలకన్నా దుద్దులకే నప్పుతాయి.