మెల్‌బోర్న్ పెరట్లో పాము కనబడితే

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్, ట్రుగనీనా వైపు కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు ఈమధ్య నన్ను తరచూ అడుగుతున్నారు, ఇక్కడ పాములు నిజంగానే ఉంటాయా అని. ఉంటాయండీ. నిన్నమొన్నటి దాకా అవన్నీ గడ్డి మైదానాలే. సెప్టెంబరులో ఎండ పడగానే పాములు బయటికొస్తాయి, ఏప్రిల్ దాకా తిరుగుతూనే ఉంటాయి.

మా అత్తయ్య ఊరి నుంచి వచ్చినప్పుడు పెరట్లో కుళాయి పక్కన ఒకటి కనబడింది. సన్నగా, గోధుమ రంగులో, పడగ లేకుండా. "జెర్రిపోతులే బాబూ, ఏం చెయ్యదు" అంటూ చీపురు తీసుకుని వెళ్లబోయారు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాను. పాములు పట్టే ఆయన వచ్చి చూసి ఈస్టర్న్ బ్రౌన్ అన్నారు. ఈ దేశంలో పాముకాటు చావుల్లో ఎక్కువ దానివల్లే. పడగ, పింజర మచ్చలు, తెల్లటి కట్లు చూసి విషప్పామని గుర్తుపట్టే మన ఊరి లెక్క ఇక్కడ పనిచెయ్యదు. అమ్మానాన్నలు వస్తే మొదటిరోజే ఈ మాట చెప్పండి.

కనబడితే పిల్లల్ని, కుక్కని లోపలికి తెచ్చి తలుపు వేసి, లైసెన్సున్న స్నేక్ క్యాచర్‌కి ఫోన్ చెయ్యండి. కర్ర పట్టుకోవద్దు. చంపడం చట్టవిరుద్ధం, పైగా చంపబోయే చాలామంది కాటు తింటారు.

కరిస్తే నొప్పి ఉండకపోవచ్చు, చిన్న గీత మాత్రమే కనబడొచ్చు. అది చూసి ఊరుకోవద్దు. ఈస్టర్న్ బ్రౌన్ విషానికి రక్తం గడ్డకట్టే శక్తి పోతుంది, బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కూలిపోవచ్చు. అంబులెన్స్ కోసం 000కి ఫోన్ చెయ్యండి. నడిపించొద్దు. కడగొద్దు, చర్మం మీద మిగిలిన విషం ఆసుపత్రిలో పరీక్షకు పనికిరావొచ్చు. తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం అసలే వద్దు. వెడల్పాటి సాగే బ్యాండేజీతో ముందు కాటు మీద, తర్వాత వేళ్ల దగ్గర్నుంచి పైదాకా కాలు మొత్తం లేదా చెయ్యి మొత్తం చుట్టండి. బెణికిన కాలికి చుట్టినంత బిగువు చాలు. కదలకుండా ఒక చెక్క కట్టి, కాటు పడ్డ చోట బ్యాండేజీ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. డాక్టర్లు చెప్పేదాకా విప్పకూడదు. ఈ పద్ధతిని 1970లలో మెల్‌బోర్న్‌లోనే డాక్టర్ స్ట్రూవాన్ సదర్లాండ్ రూపొందించారు. ఈ విషం ఎక్కువగా లింఫ్ నాళాల్లోంచి పాకుతుంది కాబట్టి ఆ నొక్కుడు దాన్ని నెమ్మదింపజేస్తుంది.

ఈ కట్టు సంగతి ఊళ్లో వాళ్లకు మాత్రం చెప్పకండి. అక్కడ రక్తపింజర కాటుకి బిగించి కడితే కరిచినచోట కండ ఇంకా పాడవ్వొచ్చు. కాలు కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని చెప్పండి, చాలు.

ఇంకొకటి. విక్టోరియాలో అంబులెన్స్ ఖర్చు మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఇవ్వదు. బిల్లుకి భయపడి ఫోన్ చెయ్యడానికి తటపటాయించే పరిస్థితి రాకూడదు, ఈ వారమే అంబులెన్స్ సభ్యత్వం కట్టెయ్యండి. బ్యాండేజీలు ఇంట్లో రెండు, కారులో రెండు పెట్టుకుని, శనివారం ఒకసారి ఇంట్లోవాళ్ల కాలికి చుట్టి చూడండి.