డ్రమ్స్, గిటారు, ఆంప్ అన్నిటికీ కలిపి 80 వేలు: కొత్తవా, పాతవా, ఎలక్ట్రానిక్ కిట్టా?

ప్రశ్న ఇదీ: చర్చి యూత్‌లో నలుగురు కుర్రాళ్ళు, చేతిలో 80 వేలు. అందులోనే డ్రమ్ సెట్టు, ఎలక్ట్రిక్ గిటారు, ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) రావాలి. ఒకరు అయిదు సింబల్స్‌తో (కర్రతో కొట్టే లోహపు పళ్ళేలు) మెరిసిపోయే కొత్త సెట్టు అంటున్నారు, ఒకరు ఎలక్ట్రానిక్ కిట్ అంటున్నారు, ఒకరు పాతది చూద్దామంటున్నారు. నేను గుంటూరు, విజయవాడ వైపు పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్, ప్యాడ్స్ (కర్రతో కొడితే పలికే ఎలక్ట్రానిక్ పలకలు) వాయిస్తాను. పెళ్ళి లేని ఆదివారం మా చర్చిలో వాయిస్తాను. గిటారు నాకు రెండో వాయిద్యమే, కాబట్టి డ్రమ్స్ గురించి కాస్త ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

నా ఓటు పాత సెట్టుకే. మంచి కంపెనీ పాత సెట్టు, సింబల్స్ లేకపోయినా సరే, డ్రమ్ముల వరకు తీసుకోండి. మిగిల్చిన డబ్బు సింబల్స్, హెడ్స్ (డ్రమ్ముకు బిగించే పొరలు), కిక్ పెడల్ (కాలితో పెద్ద డ్రమ్మును కొట్టేది), స్టూలు మీద పెట్టండి. షాపులో కంటికి కనిపించేది షెల్ (డ్రమ్ము చెక్క ఒళ్ళు) రంగు. వాయించేవాడి చేతికీ కాలికీ తగిలేవి మాత్రం ఈ నాలుగే.

కలప గురించి షాపువాళ్ళు చాలా చెబుతారు. మేపుల్ అంటారు, బిర్చ్ అంటారు, తక్కువ ధర సెట్లు పాప్లర్‌తో చేస్తారు. తేడా ఉంది, అబద్ధం కాదు. కానీ అది స్టూడియోలో మంచి మైకుల ముందు తెలిసే తేడా. రేకుల షెడ్డులో, ఫ్యాన్లు తిరుగుతుంటే, వంద మంది చప్పట్లు కొడుతుంటే ఏ కలపో ఎవరికీ తెలియదు. మొద్దుబారిపోయిన హెడ్, ట్యూన్ చేయని స్నేర్ (‘చర్’ మని పలికే చిన్న డ్రమ్ము) మాత్రం ఆఖరి వరసలో కూర్చున్న మామ్మగారికి కూడా తెలుస్తాయి.

సింబల్స్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. సెట్టుతో పాటు ‘ఫ్రీ’గా వచ్చేవి చాలావరకు ఇత్తడివి, అంటే రాగి, జింకు కలిపినవి. అసలు సింబల్ కంచుది కావాలి, అంటే రాగి, తగరం. కంచులో మళ్ళీ రెండు రకాలు ఎక్కువగా దొరుకుతాయి: 8 శాతం తగరం ఉన్నది బీ8, 20 శాతం ఉన్నది బీ20. చర్చి గంటలు పోత పోసేది కూడా ఇంచుమించు ఈ రెండో పాళ్ళలోనే. 1623లో ఇస్తాంబుల్‌లో మొదలైన జిల్డ్‌జియన్ కుటుంబం సింబల్స్ కంపెనీ పేరు నిలబెట్టింది ఈ మిశ్రమమే. ఆ కుటుంబంలోని రాబర్ట్ జిల్డ్‌జియన్ విడిపోయి 1981లో కెనడాలో పెట్టిన కంపెనీయే సేబియన్. మీ బడ్జెట్‌లో బీ20 ఆశించకండి. బీ8 చాలు. ఇత్తడి మాత్రం వద్దు. కొడితే పళ్ళెం కింద పడ్డట్టు ఒక్కసారి ‘టంగ్’ మని ఆగిపోతుంది. కంచు సింబల్ శబ్దం విచ్చుకుని, నెమ్మదిగా తగ్గుతుంది. మా చర్చికి ఒక షాపువాళ్ళు ‘ఇంపోర్టెడ్ కంచు’ అని అంటగట్టినవి అచ్చంగా ఇత్తడివే. ఏడాది తిరిగేసరికి క్రాష్ అనే సింబల్ అంచు వంకర పోయింది. అడిగితే ‘మీవాళ్ళు గట్టిగా కొడుతున్నారు సార్’ అన్నారు. క్రాష్ అనేది గట్టిగా కొట్టడానికే కదా!

అయిదు సింబల్స్ మోజు వదిలేయండి. 14 అంగుళాల హై హ్యాట్ జత (ఒకదానిమీద ఒకటి ఉండి కాలితో మూసే సింబల్స్), 16 అంగుళాల క్రాష్ ఒకటి, 20 అంగుళాల రైడ్ (తాళం నడిపే పెద్ద సింబల్) ఒకటి ఉంటే మీ పాటలన్నీ గడిచిపోతాయి. డబ్బు చాలకపోతే రైడ్ కూడా తర్వాత కొనుక్కోవచ్చు, హై హ్యాట్ మాత్రం మంచిది ఉండాలి. పాట మొత్తం కర్ర తగిలేది దానికే. డ్రమ్ములూ అంతే. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టీవీలో మొదటిసారి వాయించినప్పుడు వాళ్ళ డ్రమ్మర్ రింగో స్టార్ ముందున్నవి నాలుగే డ్రమ్ములు. డ్రమ్మర్ శివమణి గారి సెట్టు చూసి మనమూ అలాగే పేర్చుకుందాం అనిపిస్తుంది, కానీ ఆయనకు ఆ సంఖ్యతో పని ఉంది, మనకు లేదు.

పాత సింబల్ కొనేటప్పుడు రెండు చూడండి. అంచు వెంట గోరు పెట్టి చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా గోరు చిక్కుకుంటే అక్కడ సన్నటి పగులు ఉన్నట్టే. అది పెరుగుతుందే గానీ ఆగదు, బేరం ఆపేయండి. రెండోది మధ్యలో బెజ్జం. స్టాండు రాడ్డుకు ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ గొట్టం ఊడిపోయినా ఎవరూ పట్టించుకోరు, ఇనుముకు రాసుకుని గుండ్రటి బెజ్జం ఒక వైపు సాగిపోతుంది. కాస్త సాగితే ఫర్వాలేదు, ధర తగ్గించమనండి. కొన్నాక ముందు ఆ గొట్టాలు, ఫెల్టు బిళ్ళలు కొత్తవి వేయించండి. వాటికయ్యేది చిల్లర ఖర్చే.

డ్రమ్ముల్లో చూడాల్సింది షెల్ అంచు. హెడ్ ఆనుకునేది ఆ అంచు మీదే కాబట్టి అది చదునుగా లేకపోతే ఎంత ఖరీదైన హెడ్ వేసినా ట్యూన్ నిలవదు. పరీక్ష తేలిక. అమ్మేవాళ్ళని అడిగి టామ్ (సెట్టులో చిన్న డ్రమ్ము) రెండు వైపుల హెడ్స్ విప్పండి. ఖాళీ షెల్‌ని గ్రానైట్ బండ మీద గానీ గాజు టేబుల్ మీద గానీ బోర్లించి, పైనుంచి లోపలికి ఫోన్ టార్చ్ వేయండి. గదిలో లైటు ఆర్పి చుట్టూ చూస్తే, అంచు కింద నుంచి వెలుగు సన్నగా బయటికి వచ్చిందంటే అక్కడ గుంట పడిందన్నమాట. విప్పడానికి ఒప్పుకోనివాళ్ళ దగ్గర కొనకండి. హెడ్ బిగించే లగ్ స్క్రూలన్నీ డ్రమ్ కీతో తిరుగుతున్నాయో లేదో కూడా చూసుకోండి. మన కోస్తా తేమకు తుప్పు పట్టి బిగుసుకుపోయినవి చాలా ఉంటాయి.

ఇక హెడ్స్. మా దగ్గర కొందరు స్కిన్ అనే అంటారు, కానీ 1950ల చివరినుంచి దూడ చర్మం పోయి పాలిస్టర్ ఫిల్మ్ వచ్చేసింది. రెమో, ఎవాన్స్ కంపెనీలు రెండూ మంచివే. మీ డ్రమ్మర్ కొత్తవాడు, గట్టిగా బాదుతాడు అనుకుంటే రెండు పొరల హెడ్స్ తీసుకోండి. ఎక్కువ కాలం వస్తాయి, అనవసరమైన మోత కూడా తగ్గుతుంది. స్నేర్ కింది వైపు హెడ్ చాలా పలచగా ఉంటుంది. పై వైపుది కింద వేస్తే ‘చర్’ మనే ఆ శబ్దమే రాదు. బిగించేటప్పుడు ముందు అన్ని స్క్రూలూ చేత్తోనే తిరిగినంత తిప్పండి. తర్వాత కీతో ఎదురెదురు స్క్రూలకు అర చుట్టు చొప్పున ఇస్తూ పోండి, పక్కపక్కవి వరసగా బిగించకూడదు. మధ్యలో అరచేత్తో ఒకసారి గట్టిగా అదిమితే హెడ్ కూర్చుంటుంది, చిటపటమన్నా భయపడొద్దు. ఆపైన ఒక్కో స్క్రూకి అంగుళం దూరంలో కర్రతో మెల్లగా తట్టి, అన్ని చోట్లా ఒకే శ్రుతి పలికేదాకా సవరించుకోండి. వేణువు వాయించేవాళ్ళెవరైనా పక్కనుంటే ఈ పని ఇంకా తొందరగా అవుతుంది, వాళ్ళ చెవి మనకంటే నయం.

మీలో ఎలక్ట్రానిక్ కిట్ అడిగినవారి మాట కొట్టిపారేయడం లేదు. అపార్ట్‌మెంటులో సాధనకు అంతకు మించింది లేదు, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్కింటివాళ్ళు రారు. అయినా మెష్ (వల లాంటి) హెడ్స్ ఉన్నది చూసుకోవాలి. రబ్బరు ప్యాడ్ల మీద కర్ర తగిలే చప్పుడు, కిక్ పెడల్ అదురు కింది ఇంటికి బాగానే వెళ్తాయి. హాల్లో వాయించాలంటే మాత్రం మంచి స్పీకర్ విడిగా కావాలి. లేకపోతే డ్రమ్స్ ఎక్కడో మూల రేడియోలోంచి వచ్చినట్టుంటుంది, పాడేవాళ్ళకు తాళం అందదు. ఆ స్పీకర్ ఖర్చు ఎవరూ ముందు లెక్కేయరు. కరెంటు పోతే ఇక చప్పట్లే. మా పెళ్ళి ఆర్కెస్ట్రాల దారి వేరు. రోలాండ్ కంపెనీ ప్యాడ్ల పెట్టె ఆక్టాప్యాడ్ 1985లో వచ్చింది, ఆ వరసలోని ఎస్‌పీడీ-20 మన స్టేజీల మీద ఇప్పటికీ ఉంది. ఎనిమిది ప్యాడ్లలో డ్రమ్ములు, డోలక్, తబలా అన్నీ దొరుకుతాయి, స్టాండు మీద పెట్టి రెండు కేబుళ్ళు గుచ్చితే పని మొదలు. పూర్తి డ్రమ్ సెట్టుకు మైకులు పెట్టే టైము పెళ్ళివాళ్ళు మనకెక్కడిస్తారు? మీకు రోజూ సామాను మోసే పని లేదు, ఒకే హాలు. పైగా మీ కుర్రాడు డ్రమ్స్ నేర్చుకోవాలి. కాళ్ళకు పని చెప్పాలంటే అసలు సెట్టే మేలు.

మోత ఎక్కువైతే ఉపాయాలున్నాయి. సన్న పుల్లలు కట్టగా కట్టిన రాడ్స్ వాడితే సగం గొడవ తగ్గుతుంది. కిక్ లోపల ఒక దిండు, డ్రమ్స్ వెనక గోడకు దళసరి తెర వేయండి. కుర్రాడికి ఇయర్ ప్లగ్స్ తప్పకుండా కొనండి. 85 డెసిబెల్స్ దాటిన శబ్దం గంటల తరబడి వింటే చెవికి ముప్పే, డ్రమ్స్ దగ్గర కూర్చున్నవాడికి అది తేలిగ్గా 100 దాటుతుంది. రాత్రి పది తర్వాత రిహార్సల్ పెట్టుకోకండి. పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగ ప్రదేశంలో స్పీకర్లు వాడకూడదన్న రూలు 2000 నుంచి ఉంది, వీధిలో తగాదా కూడా అక్కడే మొదలవుతుంది.

గిటారు దగ్గర నా సలహా కొత్తదే కొనమని, అదీ మరీ అడుగున ఉన్నది కాకుండా ఒక మెట్టు పైది. స్క్వయర్, యమహా, ఐబనెజ్, కోర్ట్ కంపెనీలలో మొదటి రెండు మెట్లవి చాలు. షాపులో పాట వాయించి చూసి మురిసిపోకండి. ఎడమ చేత్తో మొదటి ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు కడ్డీ) దగ్గర, కుడి చేత్తో చివరి ఫ్రెట్ దగ్గర లావు తీగను ఒకేసారి నొక్కి పట్టుకుని, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఖాళీ చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టు. వేలు దూరేలా ఉన్నా, అసలు ఖాళీ లేకపోయినా ట్రస్ రాడ్ (మెడ లోపలి కడ్డీ) సవరించాలి. మెడ అంచు వెంట అరచెయ్యి జారిస్తే ఫ్రెట్ చివర్లు గుచ్చుకోకూడదు. తర్వాత 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటే కావాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకుని చూడండి. ఇవి సరిగా లేకపోతే గిటారు పనికిరాదని కాదు, సెటప్ (ఈ సర్దుబాట్లు) చేయించాలని. మంచి మెకానిక్ దగ్గర అది చేయించుకున్న మామూలు గిటారు, చేయించని ఖరీదైన గిటారు కంటే చేతికి హాయిగా ఉంటుంది. తీగలు 9-42 సైజుతో (సన్నవి) మొదలుపెట్టండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో తీగలు తొందరగా తుప్పు పడతాయి, వాయించాక పొడిబట్టతో తుడవడం అలవాటు చేయండి.

గిటారును నేరుగా సౌండ్ మిక్సర్‌లో గుచ్చకండి. గిటారు పికప్‌కు (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేది) ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్ కావాలి, మిక్సర్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా దానికంటే చాలా తక్కువ. అందుకే శబ్దం పీలగా, చచ్చిపోయినట్టు వస్తుంది. మీ హాల్లో మిక్సర్, స్పీకర్లు ఉన్నట్టయితే ఆంప్ బదులు చిన్న మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్ (గిటారు శబ్దాన్ని రకరకాలుగా మార్చే పెట్టె) కొనమంటాను, స్పీకర్ సిమ్యులేషన్ (ఆంప్ స్పీకర్ శబ్దాన్ని అనుకరించేది) ఉన్నదైతే నేరుగా పంపించొచ్చు. ఆంపే కావాలంటే ఇంటి సాధనకు 15 వాట్లు ఎక్కువే.

ఇక్కడొక ముఖ్యమైన మాట. మన ఫంక్షన్ హాళ్ళలో, చర్చి షెడ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. గిటారు తీగల మీద చెయ్యి ఉండగా మైకుకు పెదవి తగిలితే జివ్వుమని కొట్టడం మా గిటారిస్టులందరికీ అనుభవమే. గిటారు తీగలు ఆంప్ ద్వారా ఒక ఎర్త్‌కి, మైకు మిక్సర్ ద్వారా ఇంకో ఎర్త్‌కి కలిసి ఉంటాయి. ఆ రెండిటి మధ్య వోల్టేజి తేడా ఉంటే దారి మన ఒంట్లోంచే. కాబట్టి ఆంప్, మిక్సర్ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. గుంయ్‌మని హమ్ వస్తోందని మూడో పిన్ను విరిచేసేవాళ్ళున్నారు, ఆ పని ఎప్పుడూ చేయనివ్వకండి. సామాను కొనేముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ చూపించండి. ఇది 80 వేల లెక్కలో చేర్చొద్దు, బిల్డింగ్ ఖాతాలో అడగండి.

లెక్క నేనైతే ఇలా వేస్తాను: పాత డ్రమ్ముల సెట్టుకు 25 వేలు, సింబల్స్‌కు 15, హెడ్స్, పెడల్, స్టూలు కలిపి 12, గిటారుకు సెటప్‌తో కలిపి 16, ప్రాసెసర్‌కో ఆంప్‌కో 8. మిగిలిన నాలుగు కేబుళ్ళకు, కర్రలకు, ఇయర్ ప్లగ్స్‌కు. ఊరిని బట్టి, బేరాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. సింబల్స్ డబ్బు మాత్రం తగ్గించొద్దు.

పాతవి వెతకడానికి మంచి కాలం ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు, ఆర్కెస్ట్రావాళ్ళ చేతిలో డబ్బు ఆడదు, సామాను బయటికొస్తుంది. నవంబరులో వెళ్ళారంటే ప్రతి చర్చీ క్రిస్మస్‌కు కొంటూ ఉంటుంది, అమ్మేవాడు మెట్టు దిగడు. కొత్త సెట్టు కొంటున్న పెద్ద చర్చిల్లో పాతది ఏం చేస్తున్నారని అడగండి, చాలాసార్లు స్టోర్ రూములోనే మూలుగుతుంటుంది. వెళ్ళేటప్పుడు డ్రమ్ కీ, ఫోన్ ఛార్జింగు, తెలిసిన డ్రమ్మర్ ఒకరు వెంట ఉండాలి.

బేస్ గిటారు గురించి మీరు అడగలేదు. కానీ నలుగురిలో ఒకడు ఏదో ఒకరోజు తెచ్చుకుంటాడు. దాన్ని మీ చిన్న గిటారు ఆంప్‌లో గుచ్చి వాల్యూమ్ పెంచనివ్వకండి, స్పీకర్ కోన్ చిరుగుతుంది. దానికి డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి మిక్సర్‌కి పంపించండి.